జర్మనీలో ఎంఎస్: తరచుగా అడిగే ప్రశ్నలు

బీటెక్ అయిపోయింది, అమెరికా ఫీజులు చూస్తే గుండె గుభేల్‌మంది, "జర్మనీలో చదువు ఫ్రీ అంట కదా అన్నా" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాస్తున్నా. ఇదంతా ముఖ్యంగా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లీషులో చెప్పే మాస్టర్స్ కోర్సుల గురించి, అందులోనూ ఇంజనీరింగ్, కంప్యూటర్స్ వాళ్లకి ఎక్కువ పనికొచ్చేది. అంకెలు, రూల్స్ మారుతూనే ఉంటాయి, డబ్బు కట్టే ముందు మాత్రం అధికారిక సైట్‌లో ఓసారి చూసుకోండి.

నిజంగా ఫ్రీయేనా?

చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదు, అది నిజమే. సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని ఒకటి కట్టాలి, యూనివర్సిటీని బట్టి దాదాపు 100 నుంచి 400 యూరోల దాకా ఉంటుంది, చాలాచోట్ల బస్సు, ట్రామ్ పాస్ కూడా అందులోనే వచ్చేస్తుంది. కానీ అందరూ మర్చిపోయే మినహాయింపులు రెండున్నాయి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 వింటర్ సెమిస్టర్ నుంచి మనలాంటి బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. స్టట్‌గార్ట్, కార్ల్స్‌రూహే, హైడెల్‌బర్గ్, ఫ్రైబర్గ్, మాన్‌హైమ్ అన్నీ ఆ రాష్ట్రంలోనివే. రెండోది మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ. 2024 వింటర్ నుంచి అక్కడ కొత్తగా చేరే బయటివాళ్లకి మాస్టర్స్ అయితే కోర్సును బట్టి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. "మ్యూనిక్ ఫ్రీ" అని ఎవరైనా ఇప్పటికీ చెబుతుంటే వాళ్లది పాత లెక్క.

అయితే మొత్తం ఎన్ని లక్షలు చూసుకోవాలి?

వీసాకి బ్లాక్డ్ అకౌంట్ చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు, యూరో వంద రూపాయల లెక్కన వేసుకున్నా దాదాపు పన్నెండు లక్షలు. ఇది ఫీజు కాదు, మీ డబ్బే. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మీ ఖాతాలోకి వస్తుంది. ఎక్స్‌పాట్రియో, ఫింటిబా లాంటి కంపెనీల్లో ఆన్‌లైన్‌లోనే తెరుస్తారు. లోన్ తీసుకుని వేసినా ఒప్పుకుంటారు, పైగా బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే టీసీఎస్ (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు ముందే పట్టుకునే పన్ను) కూడా కట్టక్కర్లేదు.

ఆ 992తో నెల గడుస్తుందా అంటే ఊరిని బట్టి. కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్ లాంటి చోట్ల జాగ్రత్తగా ఉంటే గడుస్తుంది, మ్యూనిక్‌లో మాత్రం చాలామందికి చాలదు, అద్దెకే సగానికి పైగా పోతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, ముప్పై ఏళ్లలోపు విద్యార్థులకి ప్రభుత్వ ఇన్సూరెన్స్ నెలకు 140 యూరోల పైనే పడుతోంది. ముప్పై దాటితే ఆ విద్యార్థి రేటు దొరకదు, ఉద్యోగం మానేసి వచ్చేవాళ్లు ఇది ముందే లెక్కలో వేసుకోండి.

నా సీజీపీఏ 7.5. సీటు వస్తుందా?

ముందు దాన్ని జర్మన్ గ్రేడ్‌లోకి మార్చాలి. అక్కడ లెక్క తలకిందులు: 1.0 అంటే టాపర్, 4.0 అంటే బొటాబొటి పాస్. మీ స్కేల్‌లో గరిష్ఠం నుంచి మీ మార్కు తీసేయండి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ మధ్య తేడాతో భాగించండి, మూడుతో గుణించి ఒకటి కలపండి. దీన్నే బవేరియన్ ఫార్ములా అంటారు.

7.5 తీసుకుందాం. గరిష్ఠం 10, పాస్ 5 అయితే 2.5ని 5తో భాగిస్తే 0.5, మూడు రెట్లు 1.5, ఒకటి కలిపితే 2.5. అదే మీ కాలేజీలో పాస్ గ్రేడ్ పాయింట్ 4 అనుకోండి, ఇదే 7.5 కాస్తా 2.25 అవుతుంది. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి, కాబట్టి ఈ చిన్న తేడాకే అప్లికేషన్ లోపలో బయటో తేలిపోతుంది. అందుకే మార్క్స్ మెమో వెనక ఉన్న గ్రేడింగ్ స్కేల్‌ని కూడా స్కాన్ చేసి పెట్టండి. పాస్ మార్కు అందులో స్పష్టంగా లేకపోతే ఎగ్జామ్ బ్రాంచ్ చుట్టూ ఓ రెండుసార్లు తిరిగైనా సరే లెటర్ రాయించుకోండి.

బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, పర్వాలేదా?

క్లియర్ అయిపోతే చాలావరకు పర్వాలేదు. అమెరికా యూనివర్సిటీల్లాగా "ఎన్ని బ్యాక్‌లాగ్స్" అని ప్రత్యేకంగా అడగడం ఇక్కడ తక్కువ, చివరి గ్రేడే చూస్తారు.

మెకానికల్ చదివాను, డేటా సైన్స్‌కి వెళ్లొచ్చా?

అందరూ దెబ్బతినేది ఈ ప్రశ్న దగ్గరే, అందుకే కాస్త వివరంగా చెప్తా.

జర్మనీలో చాలా మాస్టర్స్ కోర్సులు మీ బ్యాచిలర్స్‌కి కొనసాగింపుగా ఉండాలి. ఉండాలి అంటే మాటవరసకి కాదు, కోర్సు పేజీలో "గణితంలో ఇన్ని క్రెడిట్లు, థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌లో ఇన్ని, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని" అని రాసి ఉంటుంది. క్రెడిట్లంటే ఈసీటీఎస్, ఏడాదికి 60 లెక్క. ఎవరో ఒకరు మీ మార్క్స్ మెమో, సిలబస్ పక్కపక్కన పెట్టుకుని సబ్జెక్టు సబ్జెక్టుకీ టిక్కు పెడతారు. మంచి కాలేజీనా, సైన్స్ ఫెయిర్లో ప్రైజులొచ్చాయా, ఇన్ఫోసిస్‌లో రెండేళ్లు చేశారా అన్నది ఆ టిక్కులు పూర్తయ్యాకే. టిక్కులు చాలకపోతే 9 సీజీపీఏ ఉన్నా రిజెక్ట్ చేస్తారు, చేస్తున్నారు.

మీరు చేయాల్సిన పని ఇది. కోర్సు సైట్‌లో ఎగ్జామినేషన్ రెగ్యులేషన్స్ (కోర్సు రూల్స్), మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (సబ్జెక్టుల వివరాలు) అని రెండు పీడీఎఫ్‌లు ఉంటాయి, ఒక్కోసారి జర్మన్‌లోనే ఉంటాయి, ట్రాన్స్‌లేటర్‌లో వేసి చదవండి. తర్వాత మీ బీటెక్ సిలబస్ పుస్తకం తెరిచి పట్టిక వేయండి. ఎం1, ఎం2, డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ ఇవన్నీ గణితం కిందికి. ఫ్లాట్ అని మనం ముక్కుతూ మూలుగుతూ రాసిన ఆటోమాటా థియరీ, డీఏఏ అనే అల్గారిథమ్స్ పేపరు ఇవి థియరిటికల్ కంప్యూటర్ సైన్స్ కిందికి. ఓఎస్, నెట్‌వర్క్స్, డీబీఎంఎస్ ఇంకో వరసలోకి. మెకానికల్ వాళ్లకి గణితం వరస నిండుతుంది, మిగతావి ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని కోర్సెరా సర్టిఫికెట్లు నింపవు. అందుకని మెకానికల్ వాళ్లు కంప్యుటేషనల్ ఇంజనీరింగ్, మెకట్రానిక్స్, రోబోటిక్స్, ఆటోమోటివ్ వైపు చూసుకుని, లోపల ఎలక్టివ్స్‌గా మెషిన్ లెర్నింగ్ తీసుకోవడం తెలివైన పని.

మూడేళ్ల డిగ్రీ వాళ్లకి ఒక మాట. సాధారణంగా 180 క్రెడిట్లు అడిగే కోర్సులకి మీరు ప్రయత్నించొచ్చు, కానీ మూడు సెమిస్టర్ల మాస్టర్స్ చాలావరకు 210 అడుగుతాయి, అక్కడ ఫీజు కట్టి అప్లై చేయడం దండగ.

క్యూఎస్ ర్యాంకింగ్ చూసి ఎంచుకోవచ్చా?

చూడండి గానీ దాన్నే పట్టుకు వేలాడకండి. జర్మనీలో పరిశోధనలో పెద్ద భాగం మాక్స్ ప్లాంక్, ఫ్రౌన్‌హోఫర్ లాంటి సంస్థల్లో, యూనివర్సిటీల బయట జరుగుతుంది, ఆ లెక్క ర్యాంకింగ్‌లో సరిగ్గా రాదు. ప్రభుత్వ యూనివర్సిటీల మధ్య చదువు నాణ్యతలో మన దగ్గర ఐఐటీకీ గల్లీ కాలేజీకీ ఉన్నంత తేడా ఉండదు. టీయూ9 అని తొమ్మిది పాత టెక్నికల్ యూనివర్సిటీల గుంపు ఉంది: ఆఖెన్, బెర్లిన్, బ్రౌన్‌ష్వైగ్, డార్మ్‌స్టాట్, డ్రెస్డెన్, హానోవర్, కార్ల్స్‌రూహే, మ్యూనిక్, స్టట్‌గార్ట్. పేరు గొప్పదే, పరీక్షలూ అంతే గట్టివి. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలని ఇంకో రకం ఉన్నాయి, వాటిలో ప్రాక్టికల్స్, కంపెనీ ప్రాజెక్టులు ఎక్కువ. పీహెచ్‌డీ ఆలోచన లేనివాళ్లు వాటిని చిన్నచూపు చూడక్కర్లేదు.

రెండు అడ్మిట్లు వచ్చాయి, ఏది తీసుకోవాలి?

నేనైతే ఊరి చుట్టుపక్కల ఏ పరిశ్రమ ఉందో చూస్తా, ఎందుకంటే వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగం (చదువుతూనే కంపెనీలో చేసే పార్ట్‌టైమ్), థీసిస్, మొదటి ఉద్యోగం చాలామందికి అక్కడే దొరుకుతాయి. చిప్ డిజైన్, ఎంబెడెడ్ అయితే డ్రెస్డెన్ వైపు, ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్ ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి. కార్లంటే స్టట్‌గార్ట్, బాష్, మెర్సిడెస్, పోర్షే. బ్రౌన్‌ష్వైగ్ పక్కనే వోల్ఫ్స్‌బుర్గ్, ఫోక్స్‌వాగన్ సొంతూరు. సాఫ్ట్‌వేర్ అయితే ఎస్ఏపీ ఉన్న వాల్‌డార్ఫ్ హైడెల్‌బర్గ్‌కి దగ్గర. కార్ల కంపెనీలు ఈమధ్య ఉద్యోగాలు తగ్గిస్తున్నాయి, అది కూడా మనసులో పెట్టుకోండి.

తర్వాత అద్దె, తర్వాత మాడ్యూల్ లిస్టులో మీకు నిజంగా చదవాలనిపించే సబ్జెక్టులు ఎన్నో లెక్కపెట్టండి. "అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నది నా లెక్కలో చివరిది. మొదటి నెల ఇల్లు దొరకడానికి, పప్పు, చారు తినడానికి పనికొస్తుంది, రెండేళ్లయినా నోట్లోంచి జర్మన్ ముక్క రాకపోవడానికి కూడా అదే కారణమవుతుంది.

కన్సల్టెన్సీకి వెళ్లాలా? అమీర్‌పేటలో ఒకరు ఫ్రీగా చేస్తామన్నారు.

ఫ్రీగా చేస్తామంటే జీతాలు ఎవరిస్తున్నారో ఆలోచించండి. ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా కన్సల్టెన్సీలకి కమిషన్ ఇవ్వవు, ప్రైవేటువి ఇస్తాయి. అందుకే మీ జర్మన్ గ్రేడ్ 2.3 ఉన్నా సరే "పబ్లిక్‌లో కష్టం, రిస్క్ ఎందుకు" అంటూ మెల్లగా ప్రైవేటు వైపు తోస్తారు. డబ్బు తీసుకుని చేసేవాళ్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్ల దగ్గరికెళ్లినా రెండు పట్టుబట్టండి: పోర్టల్స్ లాగిన్ మీ ఈమెయిల్‌తో మీ చేతిలోనే ఉండాలి, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకో చెప్పే లెటర్) మీరే రాయాలి. ఒకే ఎస్ఓపీని ఊళ్లు మార్చి పదిమందికి పంపేవాళ్లని నేను చూశాను, చివరికి ఒకమ్మాయి రోస్టాక్‌కి పంపిన లెటర్‌లో "సీగెన్‌లో చదవడం నా చిన్ననాటి కల" అని ఉంది.

కోర్సులు వెతకడానికి డీఏఏడీ (విదేశీ విద్యార్థుల కోసం పనిచేసే జర్మన్ సంస్థ) సైట్‌లో ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ డేటాబేస్ ఉంది, ఉచితం, భాష, ఫీజు, సబ్జెక్టు అన్నీ ఫిల్టర్ చేసుకోవచ్చు. కన్సల్టెన్సీ వాళ్లు చూసేది కూడా అదే.

ప్రైవేటు యూనివర్సిటీలన్నీ మోసమేనా?

కాదు. కానీ ఫీజు లక్షల్లో కట్టి జర్మనీ రావడంలో అర్థమేంటో ముందు మీకు మీరు చెప్పుకోండి. 2025లో బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరిన మనదేశపు విద్యార్థులకి, మీ కోర్సులో ఆన్‌లైన్ ఎక్కువ, దానికి ఇక్కడ ఉండాల్సిన పనిలేదు అంటూ దేశం వదలమని నోటీసులొచ్చాయి. పాపం అప్పులు చేసి వచ్చినవాళ్లు. కాబట్టి ప్రైవేటే తప్పదనుకుంటే కోర్సు పూర్తిగా క్లాస్‌రూమ్‌లో జరుగుతుందని రాతపూర్వకంగా తీసుకోండి, అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఆ సంస్థకి హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉన్నట్టు గుర్తు, ఉందో లేదో చూడండి.

ఏపీఎస్ అంటే ఏంటి, ఎప్పుడు అప్లై చేయాలి?

మీ సర్టిఫికెట్లు అసలైనవే అని ఢిల్లీలోని ఆఫీసు పరిశీలించి ఇచ్చే పత్రం. 2022 నవంబర్ 1 నుంచి మనదేశం వాళ్లకి స్టూడెంట్ వీసాకి తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. చాలా యూనివర్సిటీలు అప్లికేషన్‌తోనే అడుగుతున్నాయి. ఒకసారి వస్తే గడువంటూ ఉండదు, అందుకే ఐఈఎల్‌టీఎస్ కంటే ముందు దీన్ని మొదలుపెట్టండి.

మనవాళ్లకి ఇక్కడ పేర్ల గొడవ ఒకటుంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, బీటెక్ మెమోలో ఇనీషియల్ మాత్రమే, పాస్‌పోర్టులో ఒక్కోసారి సర్‌నేమ్ గడి ఖాళీ. జర్మనీలో ప్రతి ఫారంలోనూ పేరు, ఇంటిపేరు వేర్వేరు గడులు, తర్వాత బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో, రెసిడెన్స్ పర్మిట్ కార్డులో ఒక్కోచోట ఒక్కోలా పడి తలనొప్పి. పాస్‌పోర్టు సరిచేయించుకునే పని ఉంటే అన్నిటికంటే ముందు అదే చేయించండి.

అప్లికేషన్లు ఎక్కడ, ఎప్పుడు?

వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో, సమ్మర్ ఏప్రిల్‌లో మొదలవుతాయి. వింటర్‌లోనే కోర్సులు ఎక్కువ. చివరి తేదీ జూలై 15 అని చాలాచోట్ల చదువుతారు, కానీ బయటి దేశాల వాళ్లకి మార్చి, మే నెలల్లోనే మూసేసే కోర్సులు బోలెడు, వీసాకి టైమ్ కావాలి కాబట్టి. కొన్ని యూనివర్సిటీలు సొంత పోర్టల్‌లో తీసుకుంటాయి, కొన్ని యూని-అసిస్ట్ ద్వారా, అది యూనివర్సిటీల తరఫున కాగితాలు పరిశీలించే సంస్థ. యూని-అసిస్ట్‌లో సెమిస్టర్‌కి మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. పరిశీలనకి వారాలు పడుతుంది, ఆఖరి రోజు పంపి ఏదైనా కాగితం తక్కువైందని మెయిల్ వస్తే ఇక చేసేదేం లేదు. మ్యూనిక్ టెక్నికల్ లాంటివి యూని-అసిస్ట్ నుంచి వీపీడీ అనే పత్రం (మీ డిగ్రీని పరిశీలించి, గ్రేడ్ లెక్కగట్టి ఇచ్చేది) తెచ్చుకుని తమ పోర్టల్‌లో పెట్టమంటాయి, దానికి ఇంకో నెల ముందే కదలాలి.

ఎన్నింటికి? ఎనిమిది, పది చాలు. నలభై కోర్సులకి గుడ్డిగా వేసేకంటే పది కోర్సుల హ్యాండ్‌బుక్ చదివి వేసినవాళ్లకే అడ్మిట్లు ఎక్కువ రావడం చూస్తున్నా.

ఇంగ్లీషు కోర్సే కదా, జర్మన్ ఎందుకు?

అడ్మిషన్‌కి ఐఈఎల్‌టీఎస్ 6.5 ఉంటే చాలావరకు సరిపోతుంది, నిజమే. కానీ అద్దె ఇంటి ఓనరు, సిటీ ఆఫీసు గుమస్తా, డాక్టర్ దగ్గర రిసెప్షన్, చివరికి హెచ్ఆర్ కూడా జర్మన్‌లోనే మాట్లాడతారు. ఐటీలో కొన్ని ఉద్యోగాలు ఇంగ్లీషుతో దొరుకుతాయి, మిగతావాటికి జర్మన్‌లో బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) లేకపోతే ఇంటర్వ్యూ దాకా కూడా పిలుపు రాదు. ఇక్కడికొచ్చాక నేర్చుకుందాం అనుకునేవాళ్లు అసైన్‌మెంట్లు, పార్ట్‌టైమ్ మధ్య ఎప్పటికీ నేర్చుకోరు. హైదరాబాద్‌లో గోథె సెంట్రం ఉంది. వీసా చేతికొచ్చేలోపు ఏ2 పూర్తి చేసుకుని రండి, వీలైతే బీ1.

వీసా రిజెక్ట్ అయితే?

ఇదివరకు ఉచితంగా అప్పీల్ లెటర్ రాసుకునే వీలుండేది, 2025 జూలై 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ 75 యూరోలు కట్టి కొత్తగా అప్లై చేయాలి, లేదా బెర్లిన్ కోర్టుకెళ్లాలి. అంటే మొదటిసారే కాగితాలు పక్కాగా ఉండాలి. ముఖ్యంగా ఈ కోర్సే ఎందుకు అన్నదానికి మీ మాటల్లో జవాబుండాలి. నాలుగేళ్లు ఖాళీ ఉంటే దాచకండి, ఏం చేశారో రాయండి.

ఇల్లు దొరుకుతుందా?

అడ్మిట్ రాగానే స్టుడెంటెన్‌వెర్క్ (హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపే విద్యార్థి సేవల సంస్థ) హాస్టల్‌కి అప్లై చేయండి, వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంటుంది. ఇల్లు చూడకుండా, తాళం చేతికి రాకుండా డిపాజిట్ ఎవరికీ పంపొద్దు. "నేను లండన్‌లో ఉన్నా, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తా" అనేవాడు నూటికి నూరుపాళ్లూ దొంగే. ఇంకోటి, ఓనరు సంతకంతో అడ్రస్ రిజిస్ట్రేషన్ పత్రం ఇస్తారా అని ముందే అడగండి. ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ దగ్గర, ఒక్కోసారి బ్యాంకు దగ్గర కూడా ఆగిపోతారు.

పార్ట్‌టైమ్‌తో ఖర్చులు వెళ్లిపోతాయా?

2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 13.90 యూరోలు. వారానికి 20 గంటలు చేస్తే నెలకు వెయ్యి పైన చేతికొస్తుంది, నెల గడిచిపోతుంది. కానీ మొదటి సెమిస్టర్‌లోనే దొరుకుతుందనుకుని లోన్ ఈఎంఐ లెక్కలు వేసుకోకండి.

పరీక్షలో ఫెయిలైతే సప్లీ రాసుకోవచ్చుగా?

రాసుకోవచ్చు, కానీ మన దగ్గరలా కాదు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకి మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా పోతే కోర్సు నుంచి పేరు తీసేస్తారు, అదే కోర్సు జర్మనీలో ఇంకే యూనివర్సిటీలోనూ చేరనివ్వరు, వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ చదివి గట్టెక్కిన అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఒక సెమిస్టర్‌లో ఆరు పరీక్షలకి పేరిచ్చేసి బోర్లా పడటం కంటే మూడు రాసి పాసవడం మేలు. రెండేళ్ల కోర్సు మూడేళ్లు పట్టడం ఇక్కడ మామూలే, ఎవరూ వింతగా చూడరు, ఇంట్లోవాళ్లకి మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి.

చదువయ్యాక ఎన్నాళ్లు ఉండొచ్చు?

ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, ఆ టైమ్‌లో ఏ పనైనా చేసుకోవచ్చు. చదువుకి తగ్గ ఉద్యోగం వస్తే బ్లూ కార్డు అనే రెసిడెన్స్ పర్మిట్ వస్తుంది, లాటరీ లాంటిదేం ఉండదు, జీతం గీత దాటితే చాలు. జర్మన్ డిగ్రీ ఉన్నవాళ్లు రెండేళ్లు ఉద్యోగం చేసి, ఆ రెండేళ్లూ పెన్షన్ కంట్రిబ్యూషన్ కట్టి, బీ1 జర్మన్ వస్తే శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు.

స్కాలర్‌షిప్‌లు?

డాయిచ్‌లాండ్ స్టిపెండియం అని నెలకు 300 యూరోలది ఉంది, చేరబోయే లేదా చేరిన యూనివర్సిటీ ద్వారానే అప్లై చేయాలి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫులే బీసీ ఓవర్సీస్ విద్యానిధి కింద అర్హులకి 20 లక్షల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. అయితే మొదటి విడత అక్కడ దిగాకే వస్తుంది, కాబట్టి బ్లాక్డ్ అకౌంట్‌కి ఆ డబ్బు అందదు, దానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి.

తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, నేరుగా బ్యాచిలర్స్‌కి పంపొచ్చా?

ఇంటర్ మార్కులతో మామూలుగా నేరుగా కుదరదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయితే ఇంజనీరింగ్ కోర్సులకి నేరుగా అప్లై చేయొచ్చు, లేదా మనదేశంలో గుర్తింపున్న యూనివర్సిటీలో ఏడాది డిగ్రీ పాసవ్వాలి, లేదా జర్మనీలో స్టూడియెన్‌కొలెగ్ అనే ఏడాది ప్రిపరేటరీ కోర్సు చేయాలి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ చాలావరకు జర్మన్‌లోనే, సీ1 స్థాయి అడుగుతారు. జేఈఈ రాసే ఉద్దేశం లేకపోతే మన దగ్గరే బీటెక్‌లో చేర్పించి, మొదటి ఏడాది నుంచే జర్మన్ క్లాసులకి పంపండి.